ఇంటి కట్టుబడిలో తప్పులు దొరికినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి మా శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, కొత్త ఇల్లు కట్టించుకుంటూ పని మధ్యలో బిల్డరు చేసిన తప్పు కంటబడి, ఏం చేయాలో పాలుపోక రాసినవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎక్కువమందికి పనికివచ్చేవాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఈ ఉత్తరాలన్నిటిలోనూ ఒక సంగతి ఉమ్మడిగా కనిపించింది. తప్పు బయటపడిన రోజుకూ, దాని మీద మరో పని పడి అది కప్పుకుపోయే రోజుకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో చాలామంది మొహమాటం కొద్దీ ఊరుకున్నారు. తప్పు పైకి కనిపిస్తున్నంతకాలమే దాన్ని కొలవడం, సరిచేయించడం, బాధ్యత ఎవరిదో తేల్చడం సులువు.

ప్రశ్న: కింది అంతస్తు పిల్లర్లకు సెంట్రింగ్ విప్పగానే రెండు పిల్లర్ల అడుగున కంకర పైకి తేలి గుల్లగుల్లగా కనిపించింది. ఒకచోట కడ్డీ కూడా బయటపడింది. సిమెంటు పూసేస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. క్యూబు పరీక్షలో బలం బాగానే వచ్చింది కాబట్టి భయపడనవసరం లేదని బిల్డరు అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ముందు ఆ సిమెంటు పూతను ఆపించండి. మసిపూసి మారేడుకాయ చేయడం తప్ప ఆ పూత వల్ల పిల్లరుకు ఒరిగేదేమీ లేదు. పైగా లోపల ఎంత మేర గుల్ల ఉందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

కట్టుబడివారు తేనెపట్టు అని పిలిచే ఈ లోపానికి కారణాలు సాధారణంగా కొన్నే ఉంటాయి. వైబ్రేటరు అడుగుదాకా దించకపోవడం, సెంట్రింగ్ పలకల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోవడం, కాంక్రీటును మరీ ఎత్తు నుంచి కుమ్మరించడం వల్ల కంకర విడిపోవడం, కడ్డీలూ రింగులూ ఇరుకుగా ఉన్నచోట కంకర అడ్డుపడిపోవడం అనేవి వాటిలో ముఖ్యమైనవి. పిల్లరు అడుగున ఈ నాలుగూ ఒకేసారి కలిసివచ్చే అవకాశం ఉంది కాబట్టే లోపం ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. పైనున్న బరువంతా దిగేది కూడా ఆ అడుగు భాగం మీదుగానే.

క్యూబు పరీక్ష ఫలితం మంచిదే కావచ్చు, కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. 150 మిల్లీమీటర్ల అచ్చులో జాగ్రత్తగా కూరి, నీటిలో నానబెట్టి, 7వ రోజునా 28వ రోజునా పగలగొట్టి చూసే ఆ దిమ్మె, కలిపిన మిశ్రమం ఎలాంటిదో చెబుతుంది. అదే మిశ్రమాన్ని పిల్లరులో సరిగా కూరారో లేదో దానికి తెలియదు. బిల్డరు మాటలో అబద్ధం లేకపోయినా, మీరు అడిగినదానికి ఆయన వేరే సమాధానం చెబుతున్నారు.

ఇప్పుడు చేయవలసింది ఇది. టేపు ఆనించి, కొలత కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ పిల్లర్ల మీదికి కొత్త బరువు రాకుండా పై స్లాబ్ పనిని ఆపమని రాతపూర్వకంగా కోరండి. ఆ తరువాత ఇంటికి డిజైను ఇచ్చిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఎదుట, చిన్న సుత్తి, ఉలి పట్టుకొని వదులుగా ఉన్న కంకరను గట్టి కాంక్రీటు తగిలేవరకూ కొట్టించండి. పైపొర మాత్రమే రాలి, కడ్డీ దాకా వెళ్ళకుండానే గట్టి భాగం తగిలితే, అది మరమ్మతుకు తగిన మోర్టారుతో పూడ్చదగిన లోపం. కడ్డీ చుట్టూ కూడా గుల్లగా ఉంటే కడ్డీ వెనుక వేలు దూరేంత జాగా వచ్చేవరకూ చెక్కి, తుప్పూ ధూళీ పోగొట్టి, పాత కాంక్రీటును తడిపి, పైనున్న నీటి చుక్కలు ఆరాక, మళ్ళీ పలకలు బిగించి, మైక్రోకాంక్రీటు అనే, ఆరినప్పుడు కుంచించుకుపోని సన్నరకం కాంక్రీటు పోయవలసి ఉంటుంది. గుల్ల పిల్లరు మధ్యదాకా పోయిందంటే పై బరువును తాత్కాలికంగా మోసే ఆనింపులు పెట్టి ఆ భాగాన్ని పగలగొట్టి తిరిగి పోయడం తప్ప వేరే గౌరవమైన మార్గం లేదు. ఈ మూడింటిలో మీ పిల్లరుకు ఏది తగినదో నిర్ణయించవలసినవారు ఇంజినీరు. ఆ నిర్ణయం మేస్త్రిదీ కాదు, మీదీ కాదు.

అనుమానం తీరకపోతే పరీక్షలు ఉన్నాయి. రీబౌండ్ సుత్తి పైపొర గట్టిదనాన్ని సూచనగా మాత్రమే చెబుతుంది. అల్ట్రాసోనిక్ పరీక్షలో ధ్వని తరంగం కాంక్రీటు గుండా పోవడానికి పట్టే సమయాన్ని బట్టి లోపలి ఖాళీలను ఊహించవచ్చు. వీటితోనూ తేలకపోతే కోర్, అంటే యంత్రంతో గుండ్రంగా కోసిన కాంక్రీటు ముక్క, తీసి పగలగొట్టి చూస్తారు. తీసిన కోర్ల సగటు బలం, కావలసిన బలంలో 85 శాతానికి తగ్గకుండా, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకుండా ఉంటే ఆమోదించడం చాలాచోట్ల ఇంజినీర్లు పాటించే కొలబద్ద. అయితే పిల్లరులోంచి కోర్ తీయడమంటే దాన్ని మరికొంత కోయడమే కాబట్టి, ఎక్కడ తీయాలో ఇంజినీరు గుర్తు పెట్టకుండా డ్రిల్లింగు యంత్రాన్ని ముట్టుకోనివ్వకండి.

కడ్డీ బయటపడిన సంగతిని ఇంతగా పట్టించుకోవలసిన కారణం కూడా చెప్పాలి. మంచి కాంక్రీటులోని క్షారగుణం కడ్డీని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గుల్ల ఉన్నచోట గాలీ తేమా సులభంగా లోపలికి చేరతాయి. తుప్పు, తాను తినేసిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కొన్నేళ్ళకు ఆ ఒత్తిడికే పైపొర పగిలి ఊడిపోతుంది. అప్పటికి రంగులు వేసిన గోడ, అమర్చిన సామాను, కాలం తీరిన ఒప్పందం తప్ప మీ చేతిలో మరేమీ ఉండవు.

ప్రశ్న: స్లాబ్ వేస్తున్నప్పుడు మా అబ్బాయి తీసిన ఫోటోల్లో, బయటికి పొడుచుకువచ్చిన బాల్కనీ భాగంలో కూలీలు కడ్డీల మీద నడుస్తున్నారు. పైన ఉండవలసిన కడ్డీలు కిందికి కుంగినట్టు కనిపిస్తోంది. కాంక్రీటు పోయడం అయిపోయింది. బిల్డరును అడిగితే 'స్టీలు మొత్తం లోపలే ఉంది కదా' అన్నారు.

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది ఇదే. స్టీలు లోపల ఉంటే చాలదు, ఉండవలసిన ఎత్తులో ఉండాలి.

రెండు చివరలా ఆధారం ఉన్న స్లాబ్ బరువు పడినప్పుడు మధ్యలో కిందికి వంగుతుంది కాబట్టి సాగదీత అడుగున ఉంటుంది, కడ్డీలు కూడా అడుగునే వేస్తారు. ఒకవైపే ఆధారం ఉండి గాలిలోకి చాచిన బాల్కనీలో ఇది తలకిందులవుతుంది. అక్కడ సాగదీత పైభాగంలో, గోడకు దగ్గరగా అత్యధికంగా ఉంటుంది. అందువల్ల అసలు కడ్డీలు పైన ఉండాలి, ఇంటిలోపలి స్లాబులోకి కూడా చాలినంత పొడవు వెళ్ళి ఉండాలి. వాటిని పైన నిలపడానికే కుర్చీలు అని పిలిచే వంచిన కడ్డీ ముక్కలను కింద పెడతారు. కుర్చీలు పెట్టకపోయినా, దూరం దూరంగా పెట్టినా, నాలుగు బూటుకాళ్ళు పడగానే కడ్డీ కుంగుతుంది.

నష్టం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. 125 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబులో, పైనుంచి 20 మిల్లీమీటర్ల కవర్ (కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు పొర) వదిలి 10 మిల్లీమీటర్ల కడ్డీ వేస్తే, అడుగు నుంచి కడ్డీ మధ్యకు 100 మిల్లీమీటర్ల లోతు పనిచేస్తుంది. ఆ కడ్డీ 30 మిల్లీమీటర్లు కుంగితే మిగిలేది 70 మాత్రమే. స్టీలు ఒక్క గ్రాము తగ్గకుండానే బాల్కనీ మోసే శక్తిలో సుమారు మూడో వంతు పోయినట్టు. ఇంకా కుంగి అడుగుకు చేరితే ఆ కడ్డీలు ఉన్నా లేనట్టే.

కాబట్టి బాల్కనీ కింద ఉన్న ఆనింపులను ఎవరు చెప్పినా తీయనివ్వకండి. మీరు ఇవ్వవలసిన మొదటి రాతపూర్వక ఆదేశం అదే. కాంక్రీటు గట్టిపడ్డాక కవర్ మీటరుతో పైనుంచి స్కాన్ చేయిస్తే కడ్డీలు ఎంత లోతున, ఎంత దూరంలో ఉన్నాయో స్లాబును పగలగొట్టకుండానే తెలుస్తుంది. ఆ కొలతలను డిజైను చేసిన ఇంజినీరుకు ఇచ్చి లెక్క కట్టించండి. తేడా స్వల్పమైతే పైన ఇటుక పిట్టగోడకు బదులు తేలికైన రెయిలింగు పెట్టి బరువు తగ్గించమని ఆయన చెప్పవచ్చు. తేడా ఎక్కువైతే కింద బీమో పిల్లరో ఇచ్చి ఆధారం కల్పించాలి, లేదా ఆ భాగం తొలగించి మళ్ళీ వేయాలి. బాల్కనీ కూలిపోయేముందు చాలాసార్లు హెచ్చరిక ఇవ్వదు. పగుళ్ళు వస్తాయేమో చూద్దాం, వస్తే అప్పుడు ఆలోచిద్దాం అనే బేరం ఇక్కడ పనికిరాదు.

ఇదే పరిస్థితి ఇంకా కాంక్రీటు పోయనివారికి ఎదురైతే పని ఎంతో తేలిక. పోసే రోజు ఉదయం బాల్కనీ కడ్డీల మీద మీరే ఒకసారి అడుగు వేసి చూడండి. కుంగితే కుర్చీలు పెంచమనండి, నడవడానికి చెక్కలు పరవమనండి. ఆనింపులు తీసే సమయం వచ్చినప్పుడు కూడా బాల్కనీకి బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపుకు రావాలి.

ప్రశ్న: కాంక్రీటు తేలిగ్గా జారడానికి కూలీలు పైపుతో నీళ్ళు కలుపుతున్నారు. వద్దంటే 'మేము ఇరవై ఏళ్ళుగా ఇలాగే వేస్తున్నాం' అంటున్నారు. నేను చాదస్తంగా ఉన్నానా?

జవాబు: చాదస్తం కాదు. సిమెంటుకు నీటికి ఉన్న నిష్పత్తే కాంక్రీటు బలాన్ని ప్రధానంగా శాసిస్తుందని డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1918లోనే ప్రకటించారు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు పోస్తే ఆ నిష్పత్తి 0.5. మరో 10 లీటర్లు కలిపితే 0.7 అవుతుంది, బలంలో దాదాపు మూడో వంతు పోవచ్చు. తడి ఇసుకలో ఉన్న నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు. సిమెంటుతో కలవగా మిగిలిన నీరు ఆరిపోయి వదిలిన సన్నని రంధ్రాలే తరువాత కారడానికీ తుప్పుకూ దారులవుతాయి.

మిశ్రమం నిజంగానే పలకల మధ్య దిగడం లేదంటే ప్లాస్టిసైజర్ అనే రసాయనాన్ని తయారీదారు చెప్పిన మోతాదులో వాడవచ్చు. పైపును పక్కన పెట్టించి, కొలతడబ్బాతోనే నీళ్ళు పోయమని చెప్పండి. అయితే కూలీలతో వాదన పెట్టుకోకండి. వారికి త్వరగా అయిపోవడమే కావాలి, అందులో తప్పేమీ లేదు. చెప్పవలసినది వారిని పెట్టుకున్న బిల్డరుకు, అదీ కాంక్రీటు పోయడం మొదలుకాకముందే.

ప్రశ్న: బాత్రూములో టైల్స్ వేశాక నీళ్ళు జాలీ వైపు కాకుండా తలుపు వైపుకు వస్తున్నాయి. రెండు టైల్స్ తీసి సర్దుతామంటున్నారు. అది చాలా?

జవాబు: వాలు ఎక్కడ తప్పిందో రసమట్టంతో చూడనిదే రెండు టైల్స్ చాలతాయని ఎవరూ చెప్పలేరు. జాలీ వైపుకు మీటరుకు 12 నుంచి 15 మిల్లీమీటర్ల వాలు ఉంటే నీరు నిలవకుండా పోతుంది. తలుపు దగ్గర ఎత్తు తక్కువైందా, జాలీయే ఎత్తులో కూర్చుందా అన్నది ముందు తేలాలి. జాలీ ఎత్తయితే చుట్టుపక్కల టైల్స్ మొత్తం తీయక తప్పదు.

అంతకన్నా పెద్ద సంగతి టైల్స్ కింద ఉంది. ఉలి దెబ్బలకు అడుగున ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పొర చిరిగే అవకాశం ఎక్కువ. టైల్స్ తీసిన ప్రతిచోటా ఆ పొరను తిరిగి వేసి, గోడల మీదికి కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తుకు, స్నానం చేసే చోట ఇంకా పైకి ఎక్కించాలి. జాలీ మూసి, నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల నీరు కనీసం ఒక పూర్తి రోజు నిలిపి, కింది గది సీలింగునూ పక్కగోడలనూ చూశాకే కొత్త టైల్స్ వేయనివ్వండి. మొదటిసారి ఈ పరీక్ష చేశారా అని కూడా అడగండి. జవాబు నసుగుతూ వస్తే చేయలేదనే అర్థం.

ప్రశ్న: ప్లంబరు వేస్టు పైపు కోసం బీముకు రంధ్రం చేశాడు. లోపల ఒక కడ్డీ తెగింది. బిల్డరు సిమెంటుతో పూడ్చేస్తానంటున్నారు.

జవాబు: పూడ్చనివ్వకండి. రంధ్రం బీము పొడవులో ఎక్కడ ఉంది, ఎత్తులో ఎక్కడ ఉంది, తెగినది పెద్ద కడ్డీయా రింగా అనే మూడు విషయాలను బట్టే దాని తీవ్రత ఉంటుంది. బీము మధ్యలో అడుగు కడ్డీ తెగడం, పిల్లరుకు దగ్గరలో రింగులు తెగడం చాలా చెడ్డవి. పైపు దారిని ముందే బొమ్మలో చూపి, కాంక్రీటు పోయకముందే గొట్టం ముక్క అమర్చి ఉంటే ఇదంతా తప్పేది. ఇంజినీరు చూసి రాసి ఇచ్చేవరకూ ఆ బీము కింద ఆనింపులు పెట్టించండి. పైపును మరో దారిలో మళ్ళించే ఖర్చు బిల్డరుదే.

ప్రశ్న: పడకగది గోడ కట్టాక కొలిచి చూస్తే, ప్లానులో ఉన్నదానికంటే గది ఒక అడుగు తక్కువగా వచ్చింది. పక్క గది ఆ మేరకు పెరిగింది. పగలగొట్టమంటే బిల్డరు నవ్వుతున్నారు. నేను పట్టుపట్టాలా?

జవాబు: పట్టుపట్టేముందు ప్లానులోని కొలత ఇటుక నుంచి ఇటుకకా, పూతలు పూర్తయ్యాకనా, గోడల మధ్యగీతల నుంచా అన్నది చూడండి. ఒక్కో గోడకు ఒక్కోవైపు 12 నుంచి 15 మిల్లీమీటర్ల పూత మందం పోతుంది. ఉన్న తేడా అంతా ఇలాంటి లెక్కల్లో తేలిపోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఒక అడుగు మాత్రం అలా తేలేది కాదు. అది గుర్తు పెట్టడంలో జరిగిన పొరపాటు.

బరువు మోయని అడ్డుగోడ అయితే, పూత పూయకముందు పగలగొట్టడం గోటితో పోయే పనే. కరెంటు గొట్టాలు, పూత, రంగు అయ్యాక గొడ్డలి కావాలి. బిల్డరు నవ్వితే నవ్వనివ్వండి, ఈ వారమే అడగండి. అయితే గోడతో పాటు పిల్లరో బీమో కూడా జరిగి ఉంటే అది గది సైజు సమస్య కాదు, కట్టడం సమస్య. దానికి ఇంజినీరు రావాలి.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ప్రతి తప్పునూ కూలగొట్టి సరిచేయాలనే పట్టుదల ఇంటికి మంచిది కాదు. బలానికీ, నీటికీ, కరెంటుకూ సంబంధించిన తప్పుల్లో బేరం వద్దు. కొలతలోనూ అందంలోనూ వచ్చిన తప్పుల్లో మాత్రం ఆ గదిలో మీరు అనుకున్న మంచం, బీరువా పట్టి, తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అని నేల మీద ముగ్గుపిండితో గీసి చూడండి. పడుతుంటే సర్దుకోవడానికి సిద్ధపడి, దానికి తగిన సొమ్ము తగ్గించమని అడగడం తెలివైన పని. తగ్గింపు ఎంతో ఒప్పుకున్నాక ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఉండాలి. లేకపోతే చివరి లెక్కలో ఆ తగ్గింపు మరో పేరుతో అదనపు పనిగా తిరిగివస్తుంది.

ప్రశ్న: తప్పులు ఎత్తిచూపినప్పుడల్లా బిల్డరు మేస్త్రి మీదికి, మేస్త్రి సామాను మీదికి నెట్టేస్తున్నారు. తదుపరి విడత సొమ్ము ఇవ్వకపోతే పని ఆపేస్తామంటున్నారు. ఇవ్వకపోతే గొడవ, ఇస్తే తప్పు అలాగే ఉండిపోతుందని భయం.

జవాబు: తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ పంచుకుంటే బాధ్యత ఎవరికీ మిగలదు. మీ ఒప్పందం బిల్డరుతో కాబట్టి మేస్త్రిని ఎవరు పెట్టారు, ఇసుక ఎవరు తెచ్చారు అన్నది వారి లోపలి వ్యవహారం. సామాను మీరే కొని ఇచ్చి ఉంటే మాత్రం ఆ వాదనకు కొంత బలం ఉంటుంది.

మాటల్లో చెప్పిన ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది. రాసేటప్పుడు కోపం కాక కొలత కనిపించాలి. 'మీరు పని పాడుచేశారు' అని రాస్తే వచ్చేది వాదనే. దానికి బదులుగా ఇలా రాయండి: 'ఫలానా తేదీన మొదటి అంతస్తు వంటగది ఉత్తరపు గోడను గుండుతో చూడగా, 3 మీటర్ల ఎత్తులో 25 మిల్లీమీటర్లు బయటికి వాలి ఉంది. ఫోటోలు జతపరిచాను. డిజైను ఇంజినీరు అభిప్రాయం తీసుకొని, ఏ పద్ధతిలో, ఏ తేదీలోగా సరిచేస్తారో 7 రోజుల్లో తెలపగలరు. అంతవరకు ఈ గోడకు పూత పూయవద్దని కోరుతున్నాను.' ఈ ఉత్తరంలో చోటు, కొలత, రుజువు, అడిగిన పని, గడువు ఉన్నాయి. తిట్టు లేదు కాబట్టి బదులు తిట్టడానికి అవకాశమూ లేదు. ఫోనులో పంపినా సరే, ఒకే వరుసలో, తేదీలు కనిపించేలా ఉండాలి.

సొమ్ము విషయంలో అన్నీ ఆపేయడమూ, అన్నీ ఇచ్చేయడమూ రెండూ తప్పే. సక్రమంగా జరిగిన పనికి ఇవ్వవలసినది ఇచ్చి, తప్పు జరిగిన భాగానికీ దాన్ని సరిచేయడానికీ అయ్యేంత మేరకు మాత్రమే నిలిపి, ఎంత, ఎందుకు నిలిపారో ఆ రోజే రాసి పంపండి. కారణం చెప్పకుండా మొత్తం ఆపితే ఒప్పందం తప్పినవారు మీరే అవుతారు. ఇంకా ఒప్పందం రాసుకోనివారు నెలల లెక్కన కాకుండా పూర్తయిన దశల లెక్కన చెల్లింపులు పెట్టుకోండి. ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం నిలిపి, ఇల్లు అప్పగించి కొన్ని నెలలు గడిచాక ఇచ్చే పద్ధతి కట్టుబడి ఒప్పందాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. నిజాయితీ ఉన్న బిల్డరు దానికి బెట్టు చేయరు.

పని ఆపేస్తామన్న బెదిరింపు గురించి ఒక మాట. మధ్యలో వదిలేసి పోయిన బిల్డరుకు అప్పటివరకు పెట్టిన సెంట్రింగ్, కూలీ అడ్వాన్సులు, రావలసిన బాకీ అన్నీ ఇరుక్కుంటాయి. బెదిరించినంత తేలికగా ఎవరూ పోరు. అయినా పోతే, కొత్తవారిని పిలిచే ముందు స్వతంత్ర ఇంజినీరు చేత జరిగిన పనిని కొలిపించి నివేదిక రాయించుకోండి. కొత్త చేయి పడ్డాక ఏ తప్పు ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు.

ప్రశ్న: మా బాబాయిగారే కాంట్రాక్టరు. తప్పు కనబడుతున్నా నోరు తెరవలేకపోతున్నాం.

జవాబు: మీ బదులు ఇంజినీరు చేత మాట్లాడించండి. పునాది, పిల్లర్లు, ప్రతి స్లాబ్, నీటి పైపులు ఈ నాలుగు దశల్లో తనిఖీ చేసి రాసిపెట్టడానికి ఒకరిని రుసుము ఇచ్చి పెట్టుకొని, 'బాబాయ్, బ్యాంకు అడిగినా చూపించడానికి ఉంటుందని తనిఖీ పెట్టుకున్నాం' అని పని మొదలుకాకముందే చెప్పండి. నిజంగా అప్పు తీసుకుంటున్నట్లయితేనే బ్యాంకు పేరు ఎత్తండి. కాకపోతే మా తృప్తి కోసమే అని చెబితే చాలు. పని మధ్యలో తనిఖీదారుణ్ణి దించితే మాత్రం బాబాయిగారు అవమానంగానే తీసుకుంటారు, అందులో ఆయన తప్పు లేదు.

ప్రశ్న: ఇంకా గృహప్రవేశం కాలేదు, అప్పుడే గోడల మీద పగుళ్ళు కనిపిస్తున్నాయి. అన్నిటికీ భయపడాలా?

జవాబు: అన్నిటికీ కాదు. పూత మీద సాలెగూడులా అల్లుకున్న వెంట్రుకవాసి పగుళ్ళు చాలావరకు సరిగా నీళ్ళు కొట్టకపోవడం వల్లనో, పూతలో సిమెంటు ఎక్కువ కావడం వల్లనో వస్తాయి. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా తిన్నగా వచ్చిన గీత, ఆ అతుకు మీద తీగల వల (మెష్) వేయకుండా పూత పూశారని చెబుతుంది. ఇవి చూడటానికి బాగుండవు, సరిచేయించుకోవాలి, కానీ నిద్ర చెడగొట్టుకోనవసరం లేదు.

ఇటుకల వరుసల వెంట మెట్లుమెట్లుగా పోయే పగులు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి రోజురోజుకూ వెడల్పయ్యే పగులు, బీము అడుగునో పిల్లరు మీదో కనిపించే పగులు వేరే జాతివి. మొదటి రెండూ పునాది ఒకవైపు కుంగుతున్నదని సూచించవచ్చు. వాటి రెండు కొసలనూ పెన్సిలుతో గీసి పక్కనే తేదీ వేయండి. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను రెండువైపులా గట్టిగా అతికించి ఉంచండి. గాజు పగిలిందంటే కదలిక ఇంకా ఆగలేదని లెక్క. కదలిక ఆగకముందు పుట్టీ పెట్టి రంగు వేయిస్తే ఆ రంగు డబ్బు దండగ. బీము, పిల్లరు మీద పగులుకు గాజుముక్కల పరిశీలన కూడా అక్కర్లేదు, అదే రోజు ఇంజినీరును పిలవండి.